అందింది అన్న మాట

కాకినాడలోని ఒక జంతువుల ఆసుపత్రికి పరిశోధన కోసం వచ్చిన పరిమళకు, ఎక్కడ అడుగుపెడితే అక్కడివాళ్లలో ఒకతెననిపించుకోవాలన్న ఆత్రం మహా ఎక్కువ. ఒకచోట కలిసి పనిచేసేవాళ్ల మధ్య ఎలాంటి మాటలు పుడతాయి, ఆ మాటలు వాళ్లను ఎలా కలిపి ఉంచుతాయి అన్నది ఆమె చదువు. రోజూ పొద్దున్నే వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చునేది. అందరి మాటలూ ఫోనులో రికార్డు చేసుకునేది.

ఆ ఆసుపత్రిలో మాటలకేం కొదవ! కరిచే కుక్క గుమ్మంలోకి వస్తే "అల్లుడుగారొచ్చారు" అనేవారు. వెంటనే ఎవరో ఒకరు మూతికి కట్టే పట్టీ తెచ్చేవారు. గీపెట్టి రక్కే పిల్లి వస్తే "పాటల టీచరు" అనేవారు. కొద్దిరోజుల్లోనే పరిమళ కూడా అలాగే అనడం మొదలుపెట్టింది. డాక్టరు కనకవల్లిగారు విని నవ్వేవారు. జంతువుల గదులు చూసుకునే మేరీ అయితే, "నువ్వు మా పిల్లవైపోయావే!" అనేది. ఆ మాట వింటే చాలు, పరిమళ ఉబ్బితబ్బిబ్బయిపోయేది.

అన్నిటిలోకీ ఆమెకు నచ్చిన మాట "అందింది". డాక్టరుగారు లోపలినుంచి ఏదైనా పని చెబితే, బయటినుంచి ఒక గొంతు "అందింది!" అనేది. అంతే, డాక్టరుగారు ఇక ఆ సంగతి ఎత్తేవారు కాదు. పెద్దల మాటకు మర్యాదగా ఊకొట్టడం లాంటిదన్నమాట అని పరిమళ తేల్చేసుకుంది. పోనీ, ఎవరినైనా అడిగిందా? అబ్బే! అడిగితే బయటిమనిషినని తెలిసిపోదూ?

ఒకరోజు పొద్దున డాక్టరుగారు ఆపరేషను గదిలో ఒక కుక్కకు కుట్లు వేస్తున్నారు. అక్కడినుంచే గొంతెత్తి, "మధ్యాహ్నం రాణికి ఆపరేషను. దాని నోట్లో ఏమీ పడకూడదని ఖాదర్ గారు రాగానే చెప్పండి!" అన్నారు.

మేరీ పెరట్లో కుళాయి విప్పి బోనులు కడుగుతోంది. కాంపౌండరు సూర్యారావు మందుల కోసం బజారుకు వెళ్లాడు. వరండాలో ఉన్నది పరిమళ ఒక్కతే. ఎదురుచూసిన అదను దొరికినట్టయింది.

"అందింది!" అంది హుషారుగా.

లోపల డాక్టరుగారు నిశ్చింతగా కుట్లు వేస్తూ ఉండిపోయారు. తను ఎంత చక్కగా పలికిందో అన్న మురిపెంలో, ఆవిడ చెప్పిన సంగతేమిటో పరిమళ బుర్రకు ఎక్కనే లేదు.

కాసేపటికి ఖాదర్ గారు తన కుక్క రాణిని తీసుకుని వచ్చారు. ఒకప్పుడు పెళ్లిళ్లలో క్లారినెట్ వాయించిన మనిషి. భార్య పోయాక ఇంట్లో ఆయనకు తోడు రాణి ఒక్కటే. దాని కడుపులో గడ్డ లేచింది. ఆయన దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, సంచీలోంచి పాలబన్ను తీశారు.

"తిను తల్లీ. మళ్లీ ఎప్పుడు తింటావో ఏమో. ఒక్క ముక్క. మా అమ్మవి కదూ!"

రాణి బన్నంతా తినేసింది. పరిమళ ఫోను దగ్గరగా పెట్టి ఆ ముద్దుమాటలన్నీ పట్టుకుంది. ఎంత మంచి రికార్డింగు దొరికిందో అనుకుంది కూడా!

మధ్యాహ్నం రాణిని బల్ల మీద పడుకోబెట్టారు. పరిమళ ఓ మూల నిలబడింది. డాక్టరుగారు మత్తు సూది చేతికి తీసుకుని, "కడుపు ఖాళీయేగా?" అన్నారు.

సూర్యారావు మేరీ వంక చూశాడు. మేరీ, "మీరు అందుకున్నారు కదండీ?" అంది.

"నేను బజారులో ఉన్నాను. నువ్వు కాదా?"

"ఎవరో అందింది అన్నారు. నాకు వినపడింది," అన్నారు డాక్టరుగారు. "మనవాళ్లలో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు."

 పొద్దుటి మాట, పాలబన్ను, రెండూ ఒక్కసారే పరిమళ కళ్లముందు నిలిచాయి. చెప్పేయాలి. చెబితే? వీళ్లందరి ముందూ తల కొట్టేసినట్టవుతుంది. రేపటినుంచి గుమ్మం తొక్కనిస్తారా? ఒక్క బన్నేగా, ఏం కాదులే అని తనకు తనే సర్దిచెప్పుకుంది.  మూలలోకి ఇంకాస్త ఒదిగింది.

సూది దిగింది. రాణి తల వాలిపోయింది. మరుక్షణంలో దాని కడుపు ఎగసిపడింది. నోట్లోంచి పాలూ బన్నుముద్దలూ తన్నుకొచ్చాయి. గొంతులో గరగరమని చప్పుడైంది.

"బన్ను తింది! మొత్తం బన్ను తింది!" అని అరిచింది పరిమళ. "అందింది అన్నది నేనేనండీ! నేను చెప్పలేదు!"

ఎవరూ ఆమె వంక చూడలేదు. చూసే తీరిక ఎవరికి? "తల కిందికి! గొట్టం!" అన్నారు డాక్టరుగారు. "అందింది!" అంటూనే మేరీ బల్ల వంచేసింది. "అందింది!" అంటూనే సూర్యారావు గొట్టం పెట్టి గొంతులో ఉన్నదంతా లాగేశాడు. ఆ మాట ఎవరి నోట వచ్చిందో వాళ్ల చెయ్యి అప్పటికే పనిలో ఉంది. ఇన్నాళ్లూ చెవులతో విన్నదాన్ని పరిమళ అప్పుడు కళ్లతో చూసింది.

రాణికి ఊపిరి ఆడింది గానీ, తేరుకుంటుందో లేదో సాయంత్రం దాకా చెప్పలేమన్నారు. ఆపరేషను ఆగిపోయింది.

సంగతి విన్న ఖాదర్ గారు వరండాలో ఖాళీ సంచీ నలుపుతూ కూర్చున్నారు. పరిమళ ఆయన పక్కన కూలబడింది.

"నా చేత్తో నేనే పెట్టానమ్మా," అన్నారాయన. "దానికేమైనా అయితే నేనే చంపినట్టు."

పరిమళకు దుఃఖం పొంగుకొచ్చింది. "కాదండీ! పెట్టవద్దని మీకు చెప్పాల్సింది నేను. చెబుతానన్నట్టు మాటిచ్చి చెప్పలేదు. ఆపగలిగినప్పుడు కూడా సిగ్గుపడి నోరు మూసుకున్నాను. తప్పంతా నాది."

 ఆయన మొహం అటు తిప్పుకున్నారు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. లోపల ఏ అడుగు చప్పుడైనా ఇద్దరూ ఉలిక్కిపడేవారు. పొద్దు వాలుతుండగా లోపలినుంచి నీరసంగా ఒక మొరుగు వినపడింది. ఖాదర్ గారు సంచీ పడేసి లోపలికి పరిగెత్తారు.

డాక్టరుగారు బయటికి వచ్చారు. "బతికింది. నువ్వు అరవకపోతే కడుపులో ఇంకా ఎంత ఉందో మాకు తెలిసేది కాదు. కానీ సూదికి ముందు అరవాల్సింది పరిమళా," అన్నారు. 

రాణి కోలుకున్నాక మళ్లీ ఆపరేషనుకు రోజు కుదిరింది. ఆ పొద్దున కూడా డాక్టరుగారు లోపలినుంచి, "రాణికి ఏమీ పెట్టవద్దని చెప్పండి!" అన్నారు. వరండాలో పరిమళ ఒక్కతే ఉంది. ఈసారి ఆమె నోరు విప్పలేదు. లేచి గేటు దగ్గరకు వెళ్లి నిలబడింది. ఖాదర్ గారు రాగానే ఎదురెళ్లి చెప్పింది. ఆయన చేతిలోని సంచీ అడిగి తీసుకుంది. అప్పుడు ఆపరేషను గది గుమ్మం దాకా వచ్చి, మెల్లగా, "అందిందండీ," అంది.

చేతితో చెయ్యని పనికి నోటితో మాటివ్వకూడదు. ఇచ్చి తప్పితే, సిగ్గుపడుతూ కూర్చోకుండా ఆ క్షణమే ఒప్పుకోవాలి.