దాలయ్య కుట్టిన బూట్లు

అనగనగా, మీ తాతల తాతలు పిల్లకాయలుగా ఉన్న రోజుల్లో, సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఒక కొత్త కాలేజీ. ఆ కాలేజీలో పైడన్న ఫుట్‌బాల్ ఆడేవాడు. వట్టికాళ్లతోనే ఆడేవాడు.

"కాలికి నేల తెలవాలయ్యా," అనేవాడు తండ్రితో.

తండ్రి దాలయ్య చెప్పులు కుట్టేవాడు. ఒకనాడు కంటోన్మెంటు సిపాయిలతో పందెం కుదిరింది. ఓడితే ఈ ఆటే కట్టిపెట్టండన్నాడు కాలేజీ పెద్దదొర. సిపాయిలవి మేకుల బూట్లు. కొడుకు కాళ్లు నుజ్జవుతాయని దాలయ్యకు బెంగ. దొర బూట్లను దూరం నుంచి ఒక్కసారి చూసినవాడు, మూడు నెలలు కూర్చుని, మూడు తోళ్లు పాడుచేసి, ఒక జత కుట్టాడు. ముద్దుగానే ఉన్నాయి. బరువు మాత్రం రుబ్బురోలంత!

పందెం రోజున దాలయ్య గీత పక్కనే గొంతుక్కూర్చున్నాడు. పైడన్న పరిగెత్తాడు, పడ్డాడు. ఒక గోల్ పోయింది. లేచి పరిగెత్తాడు, మళ్లీ పడ్డాడు. రెండో గోల్ పోయింది. కొత్త చెప్పు కరుస్తుందంటారు, ఇవి కండే పీకాయి.

"విప్పెయ్యరా!" అన్నారు జట్టువాళ్లు.

"మా అయ్య చూస్తన్నాడు," అన్నాడు పైడన్న. పరిగెత్తాడు, మూడోసారి పడ్డాడు.

అప్పుడు దాలయ్యకు నెత్తురు కనిపించింది. దొరల ముందు ఏనాడూ గొంతెత్తనివాడు గీత దాటి వచ్చి అరిచాడు.

"ఇప్పీరా నాయినా! నీ కాళ్ల కోసరం బూట్లు కుట్నాను గానీ, బూట్ల కోసరం నీ కాళ్లు కాదురా!"

పైడన్న విప్పాడు. ఒకటి కొట్టాడు, రెండు కొట్టాడు, మూడోదీ కొట్టాడు. పందెం గెలిచారు, కాలేజీలో ఆట నిలిచింది.

ఆ ఏడే వానల్లో, విషజ్వరానికి పైడన్న పోయాడు. దాలయ్య ఆ బూట్లు తెచ్చి గోల్ స్తంభానికి కట్టాడు. నేల మీద అరచెయ్యి పెట్టి కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు.

బూట్లు ఎప్పుడో చివికిపోయాయి. ఇప్పటికీ ఆ మైదానంలో మనవాళ్లు ఓడుతుంటే గట్టు మీది ముసలివాళ్లు "ఇప్పీరా నాయినా!" అని కేకేస్తారు. ఆటగాళ్లు బూటు విప్పి, ఒక్కసారి నేలకు పాదం ఆనించి, మళ్లీ తొడుక్కుని ఆడతారు. బిగుతు కోటులో చెమటలు కక్కే పెళ్లికొడుకుతోనూ ఆ ఊళ్లో అదే మాటంటారు, నవ్వుతూ.

మొదట అన్నవాడు మాత్రం నవ్వుతూ అనలేదు. ఏడుస్తూ అన్నాడు.