వేట దొరగారి నెత్తిన కుండ

ఇందులో ఏది ముందు, ఏది వెనక అన్నది నా దగ్గర కాస్త తారుమారు కావచ్చు. తుపాకి ముందొచ్చిందో చిరుత ముందొచ్చిందో గట్టిగా చెప్పలేను. గురవప్ప ప్రాణం మీదికి మాత్రం రెండూ కలిసే వచ్చాయి.

తుమ్మలగుట్ట రాజుగారు విజయగోపాల భూపతి తాంబూలం ఉమ్మితే వెండి గిన్నె పట్టే పని గురవప్పది. రాజుగారి నోటికి అంత దగ్గరగా మసలేవాడు కనక తన నోరు కూడా కొంచెం ఎక్కువే వాడేవాడు.

ఆ ఏడు సీమ నుంచి ఓడ మీద దూరం కొట్టే కొత్త తుపాకి వచ్చింది. లోయ అవతలి గట్టున మేకను ఎరగా కట్టి, ఇవతల నుంచే చిరుతను కొట్టాలని రాజుగారికి ముచ్చట పుట్టింది. చూడటానికి పొరుగు జమీందారును కూడా పిలిచేశారు.

గుండు దూరం పోయేకొద్దీ కిందికి జారుతుంది కదా. ఎంత దూరానికి ఎంత పైకి గురిపెట్టాలో వేటాధికారి ఉగ్రసేన దొర ఒక పట్టిక రాసి, జరీగుడ్డలో చుట్టి తెచ్చాడు. ఆయన మీసాలకు రోజూ ఆముదం, మాటలకు నెయ్యి.

"మూడు దూరాలకూ నేనే కాల్చి చూశాను ప్రభూ. వెంట్రుకవాసి తేడా ఉండదు."

గురవప్ప గిన్నె పట్టుకునే అన్నాడు.

"మూడో దూరమంటే లోయ వెడల్పు కదా దొరగారూ. తమరు అంత దూరం గుండు పంపగా ఎవరూ చూడలేదే."

ఉగ్రసేన దొర మొహం ముడుచుకున్నాడు. "అంత అనుమానముంటే మేక పక్కన వీణ్ణి కూడా కట్టించండి ప్రభూ. నా పట్టిక నిజమైతే వీడికేం కాదు."

రాజుగారికి ఆ మాట తెగ నచ్చింది. "ఒరేయ్ గురవప్పా, రేపు సాయంత్రం లోపల పట్టిక తప్పో ఒప్పో తేల్చు. తేల్చలేదా, మేక పక్కన నువ్వే. గుండ్లు తక్కువున్నాయి, పరీక్షకు ఒక్కటే ఇస్తాను."

ఒక పక్క చిరుత, ఇంకో పక్క పట్టిక. రెండిట్లో గురవప్పకు చిరుతే నయమనిపించింది.

మర్నాడు మైదానంలో మూడు దూరాలకూ మూడు జెండాలు పాతించాడు. తుపాకి తనే సిద్ధం చేసి రాజుగారి చేతికిచ్చాడు. తర్వాత ఒక మట్టికుండ తెచ్చి దొర ముందు వంగాడు.

"తమరు నెత్తిన పెట్టుకుని నిలబడండి. ప్రభువుల చెయ్యి వణకదు. తమ పట్టిక చెప్పినట్టే గురిపెడతారు. వెంట్రుకవాసి తేడా ఉండదన్నారుగా."

మొదటి జెండా దగ్గర దొర మీసం తిప్పుతూ నిలబడ్డాడు. రాజుగారు గురిపెట్టారు.

"ఆగండి ప్రభూ," అన్నాడు గురవప్ప. "ఉన్నది ఒక్క గుండు. ఇక్కడే ఖర్చెందుకు?"

రెండో జెండా దగ్గర దొర చెయ్యి మీసం వదిలేసింది. కుండను రెండు చేతులతో నెత్తికి వీలైనంత ఎత్తున పట్టుకున్నాడు.

"నెత్తిన బరువుగా ఉందా దొరగారూ?" అని కేకేసి, అక్కడా కాల్చనివ్వకుండా ఆయన్ను ఇంకా ముందుకు పంపాడు గురవప్ప.

మూడో జెండా దగ్గర కుండ ఉంది, దొర లేడు. పక్కనున్న బండరాయి వెనక తలపాగా కుచ్చు వణుకుతోంది.

భటులు పట్టుకొచ్చి ముందు నిలబెడితే దొర నిజం కక్కేశాడు. "మొదటి దూరానికి కాల్చి చూశాను ప్రభూ. మిగతావాటికి ఆ అంకెనే రెట్టింపు చేసుకుంటూ పోయాను. కానీ గుండు పోనుపోను నీరసించి ఇంకా కిందికి జారుతుంది. కుండకు గురిపెడితే తగిలేది నా మీసానికే."

గురవప్ప చేతులు కట్టుకున్నాడు.

"మొదటి జెండా దాకా పట్టిక ప్రభూ. అక్కణ్ణుంచి కవిత్వం."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "గుండు కాల్చకుండానే తేల్చావు కదరా. ఇక తుపాకిలోంచి దాన్ని తియ్యి."

"అందులో పెడితే కదా ప్రభూ," అంటూ గురవప్ప వెండి గిన్నెలోంచి గుండు తీసి తుడిచి ఇచ్చాడు.

ఆ నవ్వుకి రాజుగారు తాంబూలం ఉమ్మడం మరిచి మింగేశారు. చేతి కంకణం తీసి గురవప్పకిచ్చి, తోడుగా ఆ మేకను కూడా ఇప్పించారు.

అలివేలూ, నేను చెప్పిందంతా రాశావుగా, పేర్లు ఒకసారి సరిచూడవే తల్లీ. ఉగ్రసేనుడన్నది దొర పేరేనా, లేక మేకదా?