పొరలమ్మ తల్లికి ఆ పేరు ఎలా వచ్చింది

ఎర్రమల కొండల అంచున, కొర్రకుంటపల్లెకు మైలున్నర దూరంలో, సున్నపుగుట్ట మీద శ్రీ పొరలమ్మ తల్లి వెలసి ఉంది. గోపురం కోసం తలెత్తే భక్తులు మెడనొప్పి తెచ్చుకోవడమే గాని ఇక్కడ గోపురం లేదు. నాలుగు రాతి కంబాలు, వాటి మీద బండపరుపు, నడుమ నిలువెత్తు గుండు. ఆ గుండే అమ్మవారు. పక్కనే అద్దాల పెట్టెలో నాలుగు వేళ్ల మందం ఉన్న సున్నపు పెచ్చు ఒకటి ఉంటుంది. హారతి ముందు పెచ్చుకు, తర్వాత అమ్మవారికి. ఇదేం వరస అని అడగని యాత్రికులు లేరు. అడిగినవారి కోసమే ఈ కథ.

పూర్వం ఇక్కడ, అంటే ఏ కృతయుగంలోనో కాదు, పల్లెలో నెరిసిన తలలన్నీ కళ్లారా చూసిన కాలంలోనే, అమ్మవారి పేరు సున్నాలమ్మ. ఏటా ఏరువాక పున్నమినాడు గుండుకు ఒక్క పూత సున్నం వేయాలి. ఊరి బావులన్నీ ఎండిపోయిన ఏడు మాత్రం ఆ తెలుపు మీద జాజు ఎరుపు పూయాలి. ఆ పని తరతరాలుగా సున్నం బట్టీ కాల్చే ఇంటిది. ఆ ఇంట్లో చివరకు మిగిలింది పుల్లక్క ఒక్కతే. మొగుడు పోయాడు, బట్టీ చల్లారింది, ఊళ్లోకి సిమెంటు వచ్చింది. ఏడాదికి ఒకరోజు అమ్మవారి పూత కోసం ఊరంతా ఆమె గడప ముందు నిలబడేది. ఆమెకు మిగిలిన గౌరవం అదొక్కటే.

అలా ఉండగా, అణు విద్యుత్ కేంద్రాల్లో వాడేసిన ఇంధనాన్ని పెట్టెల్లో బిగించి, గుట్టకింద సొరంగాలు తవ్వి దాచాలని పైవాళ్లు తలపెట్టారు. గుట్ట కావాలన్నారు, చుట్టూ ఆరు వందల ఎకరాలు కావాలన్నారు. అయితే తవ్వే ముందు అక్కడ పాతకాలపు ఆనవాళ్లు ఉన్నాయేమో ఒక అధికారి వచ్చి చూసి నివేదిక రాయాలి. నూరేళ్లు నిండిన ఆనవాలు ఒక్కటి తేలినా గుట్టను వదిలేస్తారు. తేలకపోతే అమ్మవారిని లారీకెక్కించి ఇంకెక్కడో దించుతారు.

నూరేళ్ల సంగతి పల్లెలో ఎవరికీ తెలియదు. పెద్ద సారు అమ్మవారిని చూడటానికి వస్తున్నాడన్నది మాత్రం తెలిసింది. సర్పంచి నారపరెడ్డి పుల్లక్క ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"సారుకు ఈ పెచ్చులూడిన మొగం చూపిద్దామా పుల్లక్కా? ఊరి పరువేం కావాల?"

"అమ్మకు మొగమే లేదు గదప్పా."

"అందుకే రంగైనా ఉండాలంటాండా. సున్నమంతా గీకెయ్. పొద్దుటూరు నుంచి మంచి రంగు డబ్బాలు తెప్పించినా."

కోడలు వచ్చే ఇంటికి వెల్ల వేయించినట్టు, అధికారి వచ్చే గుడికి రంగు వేయించారు. పుల్లక్క గడ్డపార పట్టి మూడు రోజులు గీకింది. తట్టలకొద్దీ రాలిన పెచ్చులను నారపరెడ్డి, జీపు కుదుపులు లేకుండా రావాలని, బాటలో గుంతలకు పోయించాడు. గుండుకు నిగనిగలాడే ఆకుపచ్చ రంగు పూశారు. అరుగుకు స్నానాల గదిలో వేసే టైల్సు అతికించారు. సంబరంగా చూసుకున్నారు.

చెప్పిన రోజుకు ఆ అధికారి, శేషశయనం గారు, జీపులో వచ్చారు. నిదానస్తులు. గుండు చుట్టూ మూడుసార్లు తిరిగారు. వేలితో తాకి, వేలు వాసన చూశారు.

"ఇది ఎప్పటిదమ్మా?"

"మొన్న మంగళవారం సామీ" అంది పుల్లక్క గర్వంగా.

ఆయన తల పంకించి పుస్తకంలో రాసుకున్నారు. రాసింది ఊరివాళ్లకు చదివి వినిపించాలన్న నియమం ఉంది గనక చదివారు: ఇటీవలి నిర్మాణం, ప్రాచీనతకు ఆధారం లేదు. గుట్టను ఇచ్చేయవచ్చు.

"పాతదైతే ఏమవతాది సామీ?"

"గుట్టను ముట్టుకోరమ్మా. కంబాల మీద రాత లేదు. గుండు మీద పాత సున్నం పూతలు ఉంటాయని విన్నాను. అవి ఉన్నా చాలు, పొరలు లెక్కపెట్టి వయసు చెప్పేవాణ్ణి."

నారపరెడ్డి బాటవైపు చూశాడు. పుల్లక్క నారపరెడ్డివైపు చూసింది. గడ్డపార పట్టిన చేతులు తనవే గదా. కొంగు నడుముకు బిగించి గుట్ట దిగింది.

అమ్మవారు కలలో కనబడి దారి చూపిందని కొందరు ముచ్చటగా చెబుతారు. పుల్లక్క ఒప్పుకునేది కాదు. యాడ పోసినారో నాకు తెలుసు, తల్లిని నిద్ర లేపే పనేముందని కసిరేది.

జీపు దిగివచ్చేసరికి ఆమె బాట నడుమ గుంతలో కూర్చుని చేతులతో మట్టి తోడుతోంది. చక్రాల కింద నలిగి చాలావరకు పిండైపోయింది. డ్రైవరు హారను కొట్టాడు.

"ఏమ్మో, ఇంకో తావు దొరకలేదా కూసునేదానికి?"

"నువ్వెక్కి తొక్కింది మా అమ్మనే నాయినా. బండి ఎనక్కి తియ్."

మూడో గుంతలో, అడుగున, నలగని పెచ్చు ఒకటి చేతికి తగిలింది. ఆమె దాన్ని పసిబిడ్డ తలను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని తెచ్చి జీపు ముందుభాగం మీద పెట్టింది. శేషశయనం గారు దిగి భూతద్దం తీశారు. పగిలిన అంచు వెంట వెంట్రుకల్లా గీతలు. పైనుంచి సూదిమొనతో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నూరు దాటినా సూది ఆగలేదు.

పుల్లక్క కళ్లకు ఆ గీతలు ఆనవు. ఆమె చూడకుండానే చెప్పింది.

"ఇంకొంచెం కిందికి పో సామీ. ధాత ఏటి కరువులో ఒక ఎరుపు, మరుసటేడు ఈశ్వరలో ఒక ఎరుపు. రెండింటికీ నడుమ ఒక్క తెలుపే ఉండాల. మా అవ్వ చెప్పింది, ఆమెకు వాళ్లవ్వ చెప్పింది."

ఆయన సూది కదిలించి, ఆపి, చాలాసేపు చూశారు. "ఉన్నాయమ్మా."

"ధాత ఎరుపుకు నలభై నాలుగు తెలుపుల కింద నందన ఏటి కరువు. దాంట్లోనూ ఎరుపే."

లెక్కపెట్టారు. నలభై నాలుగు. తర్వాత ఎరుపు. దాని కిందా పొరలు ఉన్నాయి. గుండును అంటిన చివరి పొర దాకా తెలుపులే మూడు వందల పదహారు తేలాయి. శేషశయనం గారు పుస్తకంలో రాసింది కొట్టేసి మళ్లీ రాశారు. ఈసారి చదివింది ఇది: మూడు వందల ఏళ్లు పైబడిన ఆనవాలు ఉంది, గుట్టను వదిలేయాలి.

పుల్లక్కకు మాత్రం ఇంకో సందేహం మిగిలింది. "ఈడ పాతిపెట్టాలనుకున్న సరుకు ఎన్నేండ్లుంటాది సామీ?"

"వేలు, లక్షల ఏళ్లమ్మా."

"మున్నూట పదారేండ్లకే మేం తల్లిని గీకి గుంతలో పోసినాం. ఏండ్లు లక్షలైతే దాన్ని చూసుకునేదెవరు? దాంట్లో ఏముందో ఎవరికి ఎవరు చెప్పాల?"

"అది మాకూ తెలియదమ్మా" అన్నారు ఆయన. ఆ మాట దాచకుండా చెప్పినందుకు పుల్లక్క ఆయనకు మజ్జిగ ఇచ్చింది.

గుట్ట నిలిచింది. ఆ సరుకు తర్వాత ఎవరి కొండ కిందికి పోయిందో ఈ స్థలపురాణం రాసేనాటికి మాకు తెలియదు. పొరలతో ప్రాణం దక్కించుకున్న సున్నాలమ్మను పొరలమ్మ అనడం ఆనాటి నుంచే.

మరుసటి ఏరువాకకు, ఆకుపచ్చ రంగు గీకించేద్దామని నారపరెడ్డి వచ్చాడు.

"గీకేదానికి ఈ చేతులు మళ్లా రావప్పా."

"అంత అసయ్యంగా ఉంటే, దాని మీదనే పూస్తావా?"

"ఉండనీ. ఇంకో మున్నూరేండ్లకు ఎవుడో ఒకడు భూతద్దం పట్టుకోని వస్తాడు. మనం ఏం తప్పు చేసినామో వానికీ తెలియాల."

నున్నటి రంగు మీద సున్నం రెండుసార్లు జారిపోయింది. మూడోసారి తుమ్మజిగురు కలిపితే పట్టింది. పూత వేస్తూ పుల్లక్క, గీకింది నేనే తల్లీ అని ఊరందరూ వినేలా పైకి చెప్పింది. తర్వాత నారపరెడ్డి కుంచె అందుకుని, గీకమంది నేను, అన్నాడు.

నేటికీ ఏరువాక పున్నమినాడు ఇక్కడ కానుకలు, ముడుపులు లేవు. భక్తులు పిడికెడు సున్నం తెచ్చి, ఆ ఏడు తమ చేతుల మీదుగా జరిగిన తప్పు ఒకటి పైకి చెప్పి, కుంచె ముంచి ఒక్క గీత పూస్తారు. చెప్పడానికి నోరు రానివారిని ఎవరూ తరమరు. వరస పక్కన నీడలో కూర్చోబెడతారు, చెప్పగలిగినప్పుడు లేస్తారు. అలా చెప్పి పూసినవారి ఇంట బావి ఊట తగ్గదని, విడిపోయిన అన్నదమ్ములు ఒక పంక్తిలో కూర్చుంటారని నమ్మకం. పుల్లక్క పోయి పదకొండేళ్లయింది. ఆమె పేరు గుట్ట మీద ఎక్కడా చెక్కలేదు. ఏటా మొదటి గీత పూసేవారు మాత్రం తమ తప్పుకన్నా ముందు ఆమె తప్పు చెబుతారు.