చప్పుడు తీసేసిన టేపు

కామేశం గారిని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని తగులుతుంది. ఆ కాలేజీలో భాషాశాస్త్రం చెప్పే పెద్దాయనకు అది పాత అలవాటు. సంగతి తెలిసీ, అక్కడే డిగ్రీ చదువుతున్న తనూజ వెళ్లి అడిగింది. "మాటల్ని ముక్కలు చేసి పట్టికల్లో నింపడం తప్ప ఇందులో ఏముంది సార్? ప్రధాన సబ్జెక్టు ఏదో ఇవాళే ఆఫీసులో రాసివ్వాలి. ఎకనామిక్స్ అని రాసేద్దామనుకుంటున్నాను."

ఆయన ఒక పాత క్యాసెట్ ఆమె చేతిలో పెట్టారు. పన్నెండేళ్ల కిందట ఆయన ఒక్కో మాటా అడుగుతుంటే సొంబారి అనే కొండమనిషి తన భాషలో చెప్పిన మాటలవి. "కంప్యూటర్లోకి ఎక్కించు. ఆయన పోయి ఏడాదయింది. మధ్యాహ్నం భార్య వస్తుంది, వినిపించాలి," అన్నారు.

తనూజ పనిమంతురాలు. ఆ మాటకొస్తే కాస్త ఎక్కువ పనిమంతురాలు. క్లాసులో నేర్పినట్టే దగ్గులు తీసేసింది, కోడికూత తీసేసింది, మాటకూ మాటకూ మధ్య ఖాళీలూ తీసేసింది. నిప్పు, నీళ్లు, దారి, వాన... రాళ్లేరిన బియ్యంలా మాటలు శుభ్రంగా మిగిలాయి.

మధ్యాహ్నం సొంబారి భార్య బుద్రి వచ్చింది. గోడలకు మెత్తలు కొట్టిన ఆ చిన్న రికార్డింగు గదిలోకి బయటి చప్పుడు రాదు; కూర్చుంటే నీళ్లడుగున ఉన్నట్టే ఉంటుంది. ఆమె కళ్లు మూసుకుని చివరిదాకా విని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మాటలన్నీ మా ముసిలోడివే పాపా. ముసిలోడే లేడు," అంది.

తనూజ ప్రాణం చివుక్కుమంది. అసలు క్యాసెట్ పెట్టింది.

దగ్గు వినబడింది. బుద్రి వేళ్లు కదిలాయి. కోడి కూసింది. ఎక్కడి మంచో, ఏ పొయ్యి పొగో మెల్లగా గదిలోకి వచ్చి చేరుతున్నట్టనిపించింది తనూజకు. 'వాన' అని చెప్పి సొంబారి ఆగిపోయాడు. ఆ ఖాళీలో, దూరంగా, ఒక ఆడగొంతు కేకేసింది.

"నేనే," అంది బుద్రి కళ్లు తెరవకుండానే. "అంబలి సల్లారిపోతందని పిలిసినాను."

టేపులో సొంబారి మైకు వదిలేసి అటు తిరిగి, లోగొంతుతో ఏదో బదులిచ్చాడు. అడిగిన మాట కాదని తనూజ తీసి పారేసిందీ దాన్నే. బుద్రి నవ్వుతూ, ఏడుస్తూ, ఎదురుగా మనిషి కూర్చున్నట్టే తన భాషలో జవాబు చెప్పింది.

తనూజ గుమ్మం దగ్గరున్న కామేశం గారి వైపు తిరిగింది. "ఆయనేమన్నాడు సార్?"

"అది తెలియడానికి మూడేళ్ల చదువు చాలదమ్మా," అన్నారాయన. "ఆఫీసు మాత్రం ఐదింటికే మూసేస్తారు."