నల్ల చేతుల ఉడుత

అనగనగా, ఎండాకాలంలో కూడా వణుకు పుట్టించే చల్లని కొండ ఒకటి. ఆ కొండ నిండా నల్ల అక్రోటు చెట్లు. వాటిని నాటింది చారలమ్మ అనే ఉడుత.

ఊరికే నాటిందా? గింజలు పాతిపెట్టి, మొలకలను పందులు తవ్వకుండా ముళ్ళకంప చుట్టి, కాపుకొచ్చేదాకా ఏళ్ళతరబడి కాచుకుంది. కాయలు రాలాక పచ్చటి తొక్క ఒలిచేదీ ఆమే. ఆ తొక్కలో పాడు రసం ఉంటుంది. చేతికి అంటిందా, ఎంత రుద్దినా పోదు, నల్లగా ఉండిపోతుంది. ఒలిచిన కాయలను కడిగి, ఎండబెట్టి, గుహలోని కొట్టు నింపేది. చలికాలమంతా కొండమీది జంతువులన్నీ కమ్మగా తినేది ఆ పప్పే.

ఒక ఏడు, చలి మొదలవుతుండగా చూస్తే కొట్టులో సగం కాయలు మాయం!

ఎలుగురాజు కొలువు తీర్చాడు. కోతి మంత్రి దీర్ఘవాలుడు లేచి గొంతు సవరించుకున్నాడు.

"మహారాజా! దొంగ కోసం వెతకనక్కర్లేదు. ఆ ఉడుత చేతులు చూడండి, ఎంత నల్లగా ఉన్నాయో! నా చేతులు చూడండి, ఒక్క మరక లేదు. పైగా ఆమె గూటి కింద పెంకుల కుప్ప దొరికింది. కొట్టు దారి ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?"

"అవును, అవును!" అని అరిచింది కొలువంతా. ఆమె ఒలిచిన పప్పు తిని బలిసిన నోళ్ళే అవి! చూశారా అన్యాయం!

"చారలమ్మా, పొద్దుగూకేలోగా కొండ దిగిపో" అన్నాడు రాజు.

గూట్లో ఇంకా కళ్ళు తెరవని పిల్లలున్నాయి. కింద లోయలో మంచు. చారలమ్మకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

"వెళ్తాను మహారాజా. మూడు మాటలు అడిగి మరీ వెళ్తాను. పోయిన కాయలు తొక్కతో ఉన్నవా, ఒలిచినవా?"

"ఒలిచినవే."

"ఒలిచి కడిగిన కాయ మరక చెయ్యదు. మరి దొంగ చేతులు నల్లగా ఎందుకుంటాయి? నా చేతులు నల్లబడింది మీ తిండి ఒలిచి! సరే, ఆ పెంకులు తెప్పించండి."

తెచ్చారు.

"నేను పళ్ళతో కొరికి, పక్కన చిల్లి చేసి పప్పు తీస్తాను. ఇవి ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. రాతితో చితక్కొట్టినవి! నా జన్మలో ఎప్పుడైనా రాయి ఎత్తానా? ఇక చివరి మాట. ఈ కొండమీద రాతితో కాయ కొట్టేది ఎవరు?"

అందరి కళ్ళూ కోతి మంత్రి మీద పడ్డాయి. రాజు ఒక కాయను మంత్రి ముందుకు దొర్లించాడు.

"పగలగొట్టు."

దీర్ఘవాలుడు తెలివి చూపించబోయాడు. ఎన్నడూ లేనిది, పళ్ళతో కొరికాడు. పెంకు పగల్లేదు గానీ పన్ను ఊడి చేతిలో పడింది.

"ఇదేమిటయ్యా మంత్రీ, రోజూ రాతితోనే కదా కొడతావు!" అంది ఒక ముసలి కుందేలు.

భటులు పరుగున వెళ్ళి మంత్రి ఉండే తొర్ర వెతికారు. తిన్నవాటి పెంకులు చారలమ్మ గూటి కింద పోసి, మిగిలిన కాయలన్నీ అందులోనే దాచాడు. కొండ దిగాల్సింది ఎవరో అందరికీ తెలిసిపోయింది. కోతి తోక ముడిచి దిగిపోయింది.

"తప్పయిపోయింది చారలమ్మా. ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు.

ఆమె కోపం మాత్రం చల్లారలేదు. "ముందు మీ అందరి చేతులూ చూపించండి!"

చూపించక తప్పలేదు. ఒక్కరి చేతికీ మరక లేదు. రాజుగారి గోళ్ళయితే దంతంలా మెరుస్తున్నాయి.

"తినడానికి అందరూ వస్తారు. ఒలవడానికి ఒక్కరూ రారు. పైగా ఒలిచినదాన్ని దొంగంటారా? నాకేమీ వద్దు. వచ్చే కాపుకు తొక్క మీరే ఒలవండి."

మరుసటి ఏడు చెట్ల కింద కొలువంతా కూర్చుని తొక్క ఒలిచింది. రాజుగారి తెల్లటి గోళ్ళే అందరికన్నా ముందు నల్లబడ్డాయి. చారలమ్మ పిల్లలతో కొమ్మమీద కూర్చుని, ఏమీ చెయ్యకుండా, హాయిగా పప్పు తింది.

మన కడుపు నింపే పనిలో మరకపడిన చేతిని దొంగచెయ్యి అనడం కంటే పెద్ద దొంగతనం లేదు.