గడప దాటని రాజుగారు

నెమలిరేవు రాజు విజయార్కుడికి మేడెక్కి సముద్రం చూసినప్పుడల్లా ఒళ్ళు మండిపోయేది. చీనా ఓడలూ అరబ్బు ఓడలూ తన రేవును కన్నెత్తి చూడకుండా పక్క రాజ్యానికి పోతున్నాయి.

“విడిది మేడ కట్టించాం, తోరణాలు కట్టాం, సన్నాయి పెట్టాం. ఇంకేం కావాలట వాళ్ళకి?” అన్నారు రాజుగారు సభలో.

రేవు అధికారి కేతననాయకుడు జరీ శాలువా సర్దుకున్నాడు. రేవులో అతను చేసే పని కూడా అదే.

“తోరణాలు బంగారంతో చేయిద్దాం ప్రభూ. కాదంటే ఈ చెన్నుభట్టును అడగండి. నాలుగు నవ్వులు నవ్వించి జీతం తింటున్నాడుగా!”

“రేపటికల్లా కారణం చెప్పు చెన్నుభట్టూ! లేదా మూటాముల్లె సర్దుకో” అన్నారు రాజుగారు.

కారణం చెన్నుభట్టుకు తెలుసు. ఊరందరికీ తెలుసు. గాలివానకు ఏ ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చినా అందులో సరుకంతా రాజుగారిదే. తాతల నాటి ఆచారం. కానీ రాజుగారి తాతను తప్పుపట్టి బతికి బట్టకట్టినవాడు ఆ ఊళ్ళో లేడు. పిల్లి మెడలో గంట కట్టాలి, తన మెడా మిగలాలి.

“రేపు మా ఇంటికి భోజనానికి దయచేయండి ప్రభూ, అక్కడే మనవి చేస్తాను.”

మర్నాడు చెన్నుభట్టు గుమ్మానికి తోరణాలు, వీధిలో సన్నాయి, లోపల్నుంచి గారెల ఘుమఘుమ. అలవాటు ప్రకారం రాజుగారి కంటే ముందు నడిచిన కేతననాయకుడు గడప మీద జర్రున జారి బోర్లా పడ్డాడు. గడపకు ఆ పొద్దున పసుపుతో పాటు నూనె ఎవరు రాశారో చెన్నుభట్టుకే తెలుసు.

చెన్నుభట్టు అతన్ని లేపలేదు. శాలువా లాగి, మడతపెట్టి, చంకలో పెట్టుకున్నాడు.

“ఓరి దొంగా! నా శాలువా!”

“క్షమించాలి నాయకులవారూ, మా ఇంటి ఆచారం. గడపలో పడ్డవాడి ఒంటిమీదవన్నీ ఇంటాయనవే. మా తాతగారు పెట్టారు.”

రాజుగారు ఎత్తిన కాలు వెనక్కి తీశారు. చెయ్యి మెల్లగా మెళ్ళోని ముత్యాలహారం మీదికి పోయింది.

“దయచేయండి ప్రభూ, గారెలు చల్లారిపోతున్నాయి.”

“చాల్లే! ఇలాంటి ఇంట్లో ఎవడు అడుగు పెడతాడయ్యా? పక్కింట్లో గంజి తాగడం మేలు!”

“ఓడలవాళ్ళూ అదే అంటున్నారు ప్రభూ.”

సన్నాయి ఆగిపోయింది. రాజుగారి ముఖం ఎర్రబడింది. చెన్నుభట్టు అదృష్టం బాగుండి, అప్పుడే మరో వాయి గారెలు నూనెలో పడ్డాయి, ఆ ఘుమఘుమ రాజుగారి ముక్కుకు తగిలింది.

“సరే, పడ్డా ఏమీ తీసుకోనని మాటివ్వు. వస్తాను.”

“ఇస్తాను ప్రభూ. రేపు నా మనసు మారితే?”

“అయితే గుమ్మం పక్కన రాతి మీద చెక్కించు! నువ్వూ నీ కొడుకులూ మార్చడానికి వీల్లేకుండా!”

“ముందు రేవులో చెక్కించండి ప్రభూ.”

రాజుగారు పకపకా నవ్వారు. గడపను జాగ్రత్తగా దాటి, హారం తీసి చెన్నుభట్టు మెళ్ళో వేశారు.

“చూసుకో, ఇది నేను పడితే నీకు దక్కింది కాదు. నిలబడి ఇచ్చింది!”

“మరి నా శాలువా ప్రభూ?” అన్నాడు కేతననాయకుడు, ఇంకా నేల మీంచే.

“రాయి ఇంకా చెక్కలేదుగా!” అన్నారు రాజుగారు గారె అందుకుంటూ.