నిలువు ముక్క

బెరీలియం బిళ్ళ పగిలింది. నాలుగు రోజులైంది, హైమవతికి ముద్ద దిగడం లేదు.

పగిలిందంటే ఆషామాషీ వస్తువా! కొండ మీది లోహశాలలో ఏడాదిన్నర పాటు తయారైన బిళ్ళ అది. దాన్ని చెక్కి, మెరుగు పెట్టి, ఆకాశంలోకి పంపే ఒక దుర్భిణికి అద్దంగా అమర్చాలి. పళ్ళెమంత వెడల్పు, బెత్తెడు మందం. చేతుల్లోకి తీసుకుంటే ఇంత లోహానికి ఇంతేనా బరువు అని ఎవరైనా ఆశ్చర్యపోవాల్సిందే. అలాంటిది, అంచు చెక్కుతుండగా రెండు పొరలుగా విడిపోయింది.

తప్పు చెక్కినవాడిదని, బిళ్ళ తయారుచేసిన హైమవతి రాసిచ్చింది. చెక్కినవాడు ఏసుపాదం. ఇరవై రెండేళ్ళుగా ఆ మర మీద చెయ్యి తిరిగిన మనిషి. ఆమె కాగితం పైవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. మర్నాటి నుంచి ఆయన్ని మర ఛాయలకి రానివ్వలేదు, తొడుగులూ బట్టలూ ఉతికే గదిలో కూర్చోబెట్టారు. వారంలో విచారణ. తప్పు ఖాయమైతే ఉద్యోగం పోయినట్టే, కొండ దిగి వెళ్ళిపోవడమే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, హైమవతి పనిమంతురాలు. ఆ పని కూడా సామాన్యమైంది కాదు. ఈ లోహాన్ని కరిగించి పోస్తే పెళుసుగా తయారై, పెంకులా పగులుతుంది. అందుకని ముందు పిండి చెయ్యాలి. ఆ పిండిని నల్లటి గ్రాఫైటు అచ్చులో పోసి, లోపలి గాలంతా లాగేసి, ఎర్రగా కాగేదాకా వేడి చేస్తూ పైనుంచి నొక్కాలి. కరగనివ్వకూడదు. కరగకుండానే రేణువుకు రేణువు అతుక్కుపోవాలి.

పైగా ఆ పిండి ఊపిరిలోకి పోయిందంటే ప్రాణాల మీదికొస్తుంది. అందుకే అంతా అద్దాల పెట్టెలో జరగాలి. పెట్టెకి బిగించిన పొడుగాటి తొడుగుల్లోకి చేతులు దూర్చి, లోపలి వస్తువుని బయటినుంచి చూస్తూ పని చెయ్యాలి. స్నానం చేసి బట్టలు మార్చుకోకుండా ఎవరూ గడప దాటకూడదు.

ఇదంతా ఆమెకి నేర్పింది దస్తగిరి మాస్టారు. వాళ్ళ తాతగారు దూది ఏకేవారట. ఆ వేళ్ళే వచ్చాయో ఏమో, తొడుగుల్లోంచి కూడా పిండిని ముట్టుకుని అది ఎలాంటిదో చెప్పేసేవారు. మాటలు మాత్రం బహు పిసినారి. రోజుకి పది మాటలు మాట్లాడారంటే ఆ రోజు పండగన్నమాట.

పిండి చెయ్యడానికి అక్కడ రెండు మరలున్నాయి. పాతదాని పేరు కొట్టుడు మర. లోహపు ముక్కల్ని గాలి వడిలో విసిరి గోడకేసి కొడుతుంది. అందులోంచి వచ్చే రేణువులు నలగ్గొట్టిన రాళ్ళ ఉప్పులా వంకరటింకరగా ఉంటాయి. కొత్తది రాపిడి మర. రెండు పలకల మధ్య నలిపి పల్చటి రేకులు తీస్తుంది. హైమవతికి పాతదంటే చిన్నచూపు. కొత్తదాన్ని పట్టుబట్టి తెప్పించుకుంది.

ఆ రేకుల్ని అచ్చులో పోసిన రోజు ఆమెకి ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. అద్దాల పెట్టెలో వెండి పొగమంచు కమ్మినట్టయింది. రేకులు తొందరేమీ లేకుండా తళుక్కుమంటూ, తిరుగుతూ, కిందికి దిగి ఒకదాని మీద ఒకటి వెల్లకిలా సర్దుకున్నాయి. తన చేతులు తనవి కానట్టు, ఎక్కడో నీళ్ళ అడుగున ఉన్నట్టు ఆమె అలా చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపలా నిలబడిందో ఆమెకే తెలీదు.

మాస్టారు వచ్చి పెట్టెలోకి తొంగి చూశారు.

"అన్నీ పడుకునే ఉన్నాయే" అన్నారు.

ఆమె దాన్ని మెచ్చుకోలనుకుని మురిసిపోయింది.

ఇదీ జరిగిన సంగతి. ఇప్పుడు బిళ్ళ పగిలింది. ఐదో రోజు పొద్దున హైమవతి పరీక్షల కాగితాల కట్ట పట్టుకుని, బయటి వరండాలో టీ తాగుతున్న మాస్టారి దగ్గరికి వచ్చింది. లోయలోంచి మంచు పైకి లేచి మెట్ల దాకా పాకింది. చెట్లు సగం కనిపిస్తున్నాయి, సగం లేవు.

"మాస్టారూ, మీరు నాకో సాయం చెయ్యాలి. లోహంలో లోపం లేదని విచారణలో మీరూ ఒక మాట అంటే చాలు."

"లేదా?"

"ఇరవై నాలుగు ముక్కలు కోసి, రెండు కొసలూ పట్టించి లాగించాను. ఒక్కటీ తొందరగా తెగలేదు. ఇవిగో కాగితాలు, మీరే చూడండి."

మాస్టారు గ్లాసు పిట్టగోడ మీద పెట్టి కట్ట అందుకున్నారు. చదవలేదు. రెండు చేతులతో రెండు కొసలూ పట్టుకుని బలంగా లాగారు. మెడ మీద నరాలు ఉబ్బేలా లాగారు. కట్ట చెక్కు చెదరలేదు.

"అబ్బో, గట్టిదే" అన్నారు.

తర్వాత దాన్ని గోడ మీద పడుకోబెట్టి, పక్కనుంచి, మధ్యలోకి చిటికెన వేలి గోరు దూర్చి కొంచెం పైకెత్తారు.

లోయలోంచి గాలి ఆ సందులో దూరింది. పై సగం లేచింది. ఒకటి, రెండు, పది, ఇరవై, కాగితాలు మంచులోకి తేలిపోయాయి.

"అయ్యయ్యో! అదేం పని మాస్టారూ! అవి నా రుజువులు!"

హైమవతి మెట్ల మీదికి పరుగెత్తి, అక్కడే ఆగిపోయింది. కాగితాలు తెల్లటి మంచులో తిరుగుతూ, తొందరేమీ లేకుండా దిగుతున్నాయి. గడ్డి మీదికి ఒకదాని తర్వాత ఒకటి వచ్చి వెల్లకిలా పడుకుంటున్నాయి. ఈ దిగడం తను ఇంతకుముందు చూసింది. కాసేపటిదాకా ఆమెకి తను కొండ మీద ఉందో, అద్దాల పెట్టెలో ఉందో తెలియలేదు.

"మాస్టారూ, బిళ్ళ వెడల్పు ఎక్కువ, మందం తక్కువ. పొడుగు ముక్కలు తేలిగ్గా వస్తాయని అన్నీ అడ్డంగానే కోశాను. నిలువుగా ఒక్కటీ కొయ్యలేదు."

మాస్టారు టీ గ్లాసు మళ్ళీ అందుకున్నారు.

"ఏసుపాదం ఏమన్నాడు?" అని అడిగారు.

"ఆయన్ని... ఆయన్ని అడగలేదు."

మాస్టారు చల్లారిన టీ తాగేసి లోపలికి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం హైమవతి పగిలిన బిళ్ళలోంచి నిలువుగా ఒక పొట్టి ముక్క తనే కోసింది. రెండు కొసలూ పట్టించి లాగించింది. మిగతావి తట్టుకున్న బరువులో సగం కూడా పెట్టకముందే టక్కున ఊడింది. తెగిన చోటు అద్దంలా మెరుస్తోంది. రేకు మీంచి రేకు లేచి వచ్చేసింది, అంతే. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

స్నానం చేసి, తడి జుట్టుతోనే బట్టలుతికే గదికి వెళ్ళింది. ఏసుపాదం తొడుగుల్లోకి గాలి ఊది, ఎక్కడైనా చిల్లులున్నాయేమోనని నీళ్ళలో ముంచి చూస్తున్నారు. ఆమెని చూసి లేచి నిలబడ్డారు.

"కూర్చోండి ఏసుపాదం గారూ. ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి."

ఆయన చేతిలోని తొడుగుని నీళ్ళలోకి వదిలేశారు.

"ఇప్పుడా అమ్మా అడగడం?"

"ఇప్పుడే బుద్ధొచ్చింది."

"నా చెయ్యి జారలేదు" అన్నారాయన మెల్లగా. "బిళ్ళ ముఖం మీద చెక్కినంతసేపూ వెన్నలా వచ్చింది. అంచు మీదికి పనిముట్టు తిప్పానో లేదో, పాత అట్ట పొర లేచినట్టు లేచింది. ఆపేశాను. అప్పటికే లోపలిదాకా పోయింది. ఆ రాత్రి మా ఆవిడతో అన్నాను, ఆ లోహం పొరలు పొరలుగా పడుకుని ఉందే అని. ఎవరూ అడగలేదమ్మా, అడిగితే చెప్పేవాణ్ణి."

నీళ్ళలో తొడుగు వేళ్ళు చాపుకుని తేలుతోంది. ఆమె దానివైపే చూస్తూ చివరిదాకా విన్నది.

ఆ సాయంత్రమే ఇంకో కాగితం రాసింది. తప్పు చెక్కినవాడిది కాదు, పిండి నాది, ముక్కలు కోసిన తీరు నాది, అని రాసి సంతకం పెట్టింది. విచారణ రద్దయింది, ఏసుపాదం మళ్ళీ తన మర దగ్గరికి వచ్చారు. ఆ నెలంతా ఆమెకి పైనుంచి అక్షింతలే. బిళ్ళ పని ఇంకొకరికి ఇస్తామన్నారు కూడా. మాస్టారు వెళ్ళి ఏం చెప్పారో ఎవరికీ తెలీదు గానీ, పని ఆమె దగ్గరే ఉండిపోయింది. మిగిలిన లోహం మాత్రం ఒక్క బిళ్ళకే సరిపోతుంది. ఇది కూడా పగిలితే దుర్భిణి అద్దం ఆశ వదులుకోవాల్సిందే.

కొట్టుడు మర దుమ్ము దులిపించారు. ఈసారి పిండి అందంగా లేదు. మెరుపు లేదు, తేలడం లేదు, రేణువులు వంకరటింకరగా అచ్చులోకి దొర్లిపడి, ఒకటి నిలబడి, ఒకటి ఒరిగి, ఒకటి తలకిందులై, ఎలా పడితే అలా ఇరుక్కున్నాయి. నొక్కుడు మొదలయ్యాక హైమవతి కొలిమి గాజు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుంది. లోపల నారింజ రంగు వెలుగు, చిన్న శబ్దం కూడా లేదు. ఆ వెలుగులోకి చూస్తూ చూస్తూ కునుకు తీసింది. కలలో ఆ రేణువులన్నీ మనుషులయ్యాయి. సంతలోలాగా ఒకళ్ళనొకళ్ళు ఒరుసుకుంటూ, ఎవరి ముఖం ఎటు ఉంటే అటే తిరిగి, భుజం భుజం ఆనించి నిలబడ్డారు. వాళ్ళలో తనెక్కడుందా అని వెతుక్కుంటుండగానే మెలకువ వచ్చింది.

బిళ్ళ చల్లారాక, అంచున అదనంగా వదిలిన లోహంలోంచి అడ్డంగా ఒక ముక్క కోసింది, నిలువుగా ఒక ముక్క, ఏటవాలుగా ఇంకో ముక్క. మూడూ దాదాపు ఒకే బరువు దగ్గర తెగాయి. పాతవాటికన్నా కాస్త తక్కువే, కానీ మూడూ ఒకటే.

బిళ్ళని రెండు చేతులా పట్టుకుని ఏసుపాదం మర దగ్గరికి తనే తీసుకెళ్ళింది. మాస్టారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

ఏసుపాదం బిళ్ళని మర మీద బిగించారు. పనిముట్టు చేతిలోకి తీసుకుని, అలవాటు లేని బెరుకుతో ఆమెవైపు తిరిగారు.

"ఎటునుంచి మొదలుపెట్టమంటారమ్మా?"

హైమవతి మాస్టారివైపు చూడలేదు.

"ఎటునుంచైనా" అంది.